బ్రెగ్జిట్ వేళ కామన్స్ సభ: అన్నింటికీ ‘కాదు’ అన్న సభ దేనికీ ‘ఔను’ ఎందుకు అనలేకపోయింది?

రాజనీతి పంతులు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లకు పైగా రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. ఈ నెలలో బ్రిటన్ పార్లమెంటు పాఠం వచ్చింది. పుస్తకంలోని పాత ఉదాహరణలు పక్కనపెట్టి, ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగే వేళ 2018, 2019 సంవత్సరాల్లో అక్కడి దిగువ సభ అయిన కామన్స్ సభలో జరిగిన రభసను తీసుకున్నాను. నల్లబల్ల మీద రెండు లెక్కలు రాశాను. 2019 జనవరి 15న ప్రధాని థెరిసా మే తెచ్చిన ఉపసంహరణ ఒప్పందానికి అనుకూలంగా 202 ఓట్లు, వ్యతిరేకంగా 432 ఓట్లు పడ్డాయి. తేడా 230. అంతకుముందు 1924లో ఒక ప్రభుత్వం 166 ఓట్ల తేడాతో ఓడడమే పెద్ద ఓటమిగా చెప్పుకునేవారు. మరునాడు, జనవరి 16న, అదే సభలో అవిశ్వాస తీర్మానం పెడితే అదే ప్రధాని 325–306తో నెగ్గారు.

ముందు వరుసలో కూర్చునే ఒక అమ్మాయి లేచి, “సొంత పార్టీవాళ్లే 118 మంది విప్‌ను కాదని ఓటేశారు కదా మాష్టారూ, వాళ్ల సభ్యత్వాలు ఎందుకు పోలేదు?” అని అడిగింది. వెనక నుంచి మరో కుర్రవాడు, “అంత ఘోరంగా ఓడాక ప్రభుత్వం ఎందుకు పోలేదు?” అన్నాడు. నేను చెప్పిన జవాబు వాళ్లకు సరిపోయింది గాని నాకు సరిపోలేదు. అక్కడ ఉంటున్నవారు, న్యాయశాస్త్రం చదివినవారు ఈ వేదికలో ఉన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. ఆ సభ విఫలమైందని చెప్పాలా, తన పని తాను చేసిందని చెప్పాలా?

లీడ్స్ రామం

పంతులు గారూ, మీ విద్యార్థిని పట్టుకున్న కొస సరైనదే. మన దేశంలో 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చాక విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. ఇక్కడ అటువంటి చట్టం లేదు. విప్ అంటే పార్టీ వారం వారం తన సభ్యులకు పంపే కాగితం. అందులో ఒక అంశం కింద మూడు గీతలు ఉంటే తప్పక వచ్చి, చెప్పినట్టు ఓటేయాలని అర్థం. దాన్ని కాదంటే మంత్రి పదవి పోవచ్చు, పార్టీ బయటికి పంపవచ్చు, వచ్చే ఎన్నికల్లో టికెట్ దక్కకపోవచ్చు. నియోజకవర్గం ఇచ్చిన సీటు మాత్రం ఆ సభ్యుడి దగ్గరే ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న. 2017 జూన్ 8న ముందస్తు ఎన్నికలకు వెళ్లి ప్రధాని మే ఉన్న మెజారిటీని పోగొట్టుకున్నారు. 650 సీట్లలో కన్సర్వేటివ్‌లకు 317 వచ్చాయి. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీ పార్టీకి ఉన్న 10 మంది సభ్యుల మద్దతు కోసం ఆ ప్రాంతానికి అదనంగా 100 కోట్ల పౌండ్లు ఇస్తామని ఒప్పుకున్నారు. ఐర్లండ్‌లో కలవాలని కోరే షిన్ ఫేన్ పార్టీ సభ్యులు 7గురు రాణికి విధేయతా ప్రమాణం చేయడానికి ఇష్టపడక సభకే వచ్చేవారు కాదు. స్పీకరు, ఆయన ముగ్గురు ఉపసభాపతులు మామూలుగా ఓటు వేయరు. అంటే 320 మంది చేతిలో ఉంటే సభ చేతిలో ఉన్నట్టే. ఆ పదిమంది లేనిదే మే ప్రభుత్వానికి ఆ అంకె అందదు. ఒప్పందం వారికి విషంతో సమానం, కాని ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్ ప్రధాని కావడం అంతకన్నా పెద్ద విషం. అందువల్ల మంగళవారం ఒప్పందాన్ని ఓడించి బుధవారం ప్రభుత్వాన్ని నిలబెట్టారు. దీనికి తోడు 2011లో చేసిన, 2022లో రద్దయిన నిర్ణీతకాల పార్లమెంటు చట్టం ప్రకారం, చట్టంలో ఉన్న మాటలతో ప్రత్యేకంగా పెట్టిన అవిశ్వాస తీర్మానం నెగ్గితే తప్ప ప్రభుత్వం పడేది కాదు. ప్రభుత్వాన్ని కాదనే ఓటుకూ, ప్రభుత్వం తెచ్చిన ప్రతిపాదనను కాదనే ఓటుకూ మధ్య ఆ చట్టం గోడ కట్టింది.

ఇక్కడ ఓటింగు ఎలా జరుగుతుందో కూడా పిల్లలకు చెప్పండి. బల్ల మీద మీట నొక్కడం ఉండదు. గంట మోగుతుంది. ఎనిమిది నిమిషాల్లో ‘ఔను’ అనేవారు ఒక నడవాలోకి, ‘కాదు’ అనేవారు ఇంకో నడవాలోకి నడిచి వెళ్లాలి, అప్పట్లో పేరు చెప్పి బయటికి రావలసి ఉండేది. ఆ రాత్రి ‘కాదు’ నడవాలో, ఒప్పందం ఐరోపాకు మనల్ని ఇంకా కట్టేస్తోందన్న కరడుగట్టిన బ్రెగ్జిట్‌వాదులూ, అసలు బయటికే పోకూడదన్నవారూ భుజాలు రాసుకుంటూ నడిచారు. లేబర్ సభ్యురాలు టూలిప్ సిద్దిక్ సిజేరియన్ కాన్పును వాయిదా వేయించుకుని చక్రాల కుర్చీలో వచ్చి ఓటేశారు. రాలేనివారి కోసం ఎదుటి పక్షంలో ఒకరు ఓటు మానుకునే జోడీ ఆనవాయితీ ఉన్నా, 2018 జూలైలో దాన్ని ఒకసారి తప్పారు కాబట్టి ఆమె ఆ మాటను నమ్మలేదు. ప్రసవ సమయంలో మరొకరి ద్వారా ఓటు వేయించే వీలు ఆ నెలాఖరులో గాని రాలేదు.

బెల్‌ఫాస్ట్ భారతి

రామం గారు డీయూపీకి ఒప్పందం విషమని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ఒక్క ముక్క వెనక ఉన్నదే అసలు కథ. నేను పదిహేడేళ్లుగా ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. నెలకు ఒకసారైనా డబ్లిన్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళతాం. న్యూరీ ఊరు దాటాక ఎక్కడో దేశం మారుతుంది. ఎక్కడ మారిందో మా పిల్లలకు కనిపెట్టడం ఆట. వేగపరిమితి బోర్డు మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వస్తాయి, రోడ్డు అంచు గీత పసుపు రంగుకు మారుతుంది, అంతే. గేటు లేదు, పోలీసు లేడు, కాగితం అడిగేవారు లేరు.

నాతో పనిచేసిన ఒక పెద్ద నర్సు ఇదే రోడ్డు మీద తన చిన్నతనంలో సైనికులు కారు ఆపి డిక్కీ తెరిపించేవారని చెప్పేది. బ్రిటన్‌లోనే ఉండాలన్నవారికీ ఐర్లండ్‌లో కలవాలన్నవారికీ మధ్య మూడు దశాబ్దాలు సాగిన ఆ హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరాక ఆ గేట్లు, ఆ కావలి బురుజులు పోయాయి. సుమారు 500 కిలోమీటర్ల సరిహద్దు, 200కు పైగా దారులు. చాలాచోట్ల ఇల్లు ఒక దేశంలో, పొలం ఇంకో దేశంలో. రెండు దేశాలూ ఐరోపా సమాఖ్యలో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఒకటి బయటికి పోతే సరుకులను ఎక్కడో ఒకచోట ఆపి చూడాలి. ఎక్కడ ఆపాలి?

మే ఒప్పందంలో దీనికి పెట్టిన ఆపద్ధర్మ ఏర్పాటునే బ్యాక్‌స్టాప్ అన్నారు. ఇంతకన్నా మంచి మార్గం కుదిరేదాకా దేశం మొత్తం ఐరోపాతో ఒకే సుంకాల పరిధిలో ఉంటుంది, ఉత్తర ఐర్లండ్ ఇంకొన్ని ఐరోపా నిబంధనలు కూడా పాటిస్తుంది, ఏ ఒక్క పక్షమూ తనంతట తాను దానినుంచి బయటపడలేదు. మాలో చాలామందికి అది ప్రాణం లేచివచ్చిన ఏర్పాటు. డీయూపీకి మాత్రం అది తమను బ్రిటన్ నుంచి వేరుచేసే కత్తి. లండన్‌లో కూర్చున్న బ్రెగ్జిట్‌వాదులకు అది తలుపుకు బయట నుంచి వేసిన గొళ్లెం. మార్చి 12న రెండోసారి ఓటుకు పెట్టిన ఉదయాన అటార్నీ జనరల్ జెఫ్రీ కాక్స్ తన న్యాయ సలహా చివరి పేరాలో, అందులో చిక్కుకుపోయే చట్టపరమైన ముప్పు మారలేదని రాశారు. ఆ సాయంత్రం ఒప్పందం 391–242తో మళ్లీ ఓడింది.

2016 ప్రచారంలో మా సరిహద్దు గురించి లండన్ పెద్దలు ఎంత తక్కువ మాట్లాడారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం మంది సమాఖ్యలోనే ఉండాలని ఓటు వేశారు.

ఓరుగల్లు యువకుడు

పెద్దలందరి మాటలూ చదివాను, కాని నేను ఒప్పుకోలేకపోతున్నాను. 2016 జూన్ 23న 1.74 కోట్ల మంది వెళ్లిపోదామన్నారు, 1.61 కోట్ల మంది ఉందామన్నారు. 51.9 శాతం పెద్ద మెజారిటీ కాకపోవచ్చు, అయినా మెజారిటీయే. ఆ తర్వాత సుప్రీంకోర్టు 2017 జనవరిలో పార్లమెంటు అనుమతి తప్పనిసరి అని చెబితే, ఇదే కామన్స్ సభ, సమాఖ్య నుంచి వైదొలగే ప్రక్రియను మొదలుపెట్టే 50వ అధికరణను ప్రయోగించే బిల్లుకు రెండో పఠనంలో 498–114తో ఆమోదం తెలిపింది. అంటే గడియారానికి తాళం తిప్పింది సభ్యులే. 2017 మార్చి 29న లేఖ వెళ్లింది, రెండేళ్లలో బయటపడాలని వారికి తెలుసు. రెండేళ్లు గడిచాక ఒప్పందమూ వద్దు, ఒప్పందం లేకుండా పోవడమూ వద్దు, ఎన్నికలూ వద్దు అంటే ఓటు వేసినవారు ఏమనుకోవాలి? జనం తీర్పును నెత్తిన పెట్టుకుంటామని ఎన్నికల్లో చెప్పి, సభలో కాళ్ల కింద వేసి తొక్కినట్టు కాదా? పంతులు గారు అడిగినదానికి నా జవాబు, ఆ సభ విఫలమైంది.

రెడింగ్ రాధ

తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది. కాని ఆ తీర్పు ఏమిటో, ఆ తీర్పు ఇచ్చినవారిలో ఒకరిగా చెప్పనివ్వు.

2016లో నా చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. కామన్వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ నివాసం ఉంటే ఓటు వేయవచ్చు కాబట్టి నాకు ఓటు ఉంది. పన్నెండేళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్న, మా ఆఫీసులో నా పక్క బల్ల పోలండ్ అమ్మాయికి లేదు. ఐరోపా దేశాలవారిలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు మాత్రమే ఆ వీలు ఉండేది. సాయంత్రం బడిలో పెట్టిన పోలింగు కేంద్రానికి వెళ్లాను. చెక్క అరలో దారానికి కట్టిన పెన్సిలు. కాగితం మీద ఒకే ప్రశ్న, రెండు గడులు: సమాఖ్యలో ఉండాలా, వదిలి వెళ్లాలా.

నేను వెళ్లాలనే గడిలో గుర్తు పెట్టాను. మా సొంత తమ్ముడు ఇక్కడికి పనికి రావాలంటే ఎన్నో షరతులు. ఇటలీ నుంచో స్పెయిన్ నుంచో వచ్చేవారు అప్పట్లో దిగిన మరునాడే పనిలో చేరగలిగేవారు. ఐరోపావారికి ఉన్న ఆ వెసులుబాటు పోతే మనవారికి దారి తెరుచుకుంటుందని ఆనాడు మన దక్షిణాసియా హోటళ్లవారికి, మన సంఘాలకు గట్టిగా చెప్పారు. నేను నమ్మాను. ఓటు వేసి బయటికి వస్తుంటే నా వెనక వరుసలో ఉన్న ఒక ముసలాయన కూడా వెళ్లాలనే అన్నాడు, ఆయనకు కావలసింది బయటినుంచి ఎవరూ రాకపోవడం. మా ఇద్దరి ఓట్లూ ఒకే కుప్పలో పడ్డాయి.

ఇప్పుడు చెప్పు తమ్ముడూ, ఆ కుప్పను చూసి మా ఎంపీ ఎవరి మాట నెరవేర్చాలి? ఏ విధంగా వెళ్లాలని ఆ కాగితం అడగలేదు. బయటి సరుకుల మీద అందరూ ఒకే సుంకం వేసే సుంకాల సమాఖ్యలో ఉండి వెళ్లాలా, సరుకులూ మనుషులూ ఒకే నిబంధనల కింద తిరిగే ఉమ్మడి విపణిలో ఉండి వెళ్లాలా, అన్నీ తెంచుకుని వెళ్లాలా అనే మూడు నాలుగు ప్రశ్నలను ఒక్క గడిలో కుక్కి, తర్వాత విప్పి చూడమని 650 మంది ముందు పడేశారు. ఆ 650 మంది కొట్టుకున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు.

తెనాలి ప్లీడరు

రాధమ్మ గారు రాసినది చదివాక నేను రాయబోయే నిబంధనల సంగతి చిన్నదిగా తోస్తోంది, అయినా పంతులు గారి పాఠానికి పనికివస్తుంది.

మే ప్రభుత్వం మొదట సభను సంప్రదింపులకు కాక సంతకానికి పిలవాలనుకుంది. దానికి తొలి అడ్డుకట్ట 2017 డిసెంబరు 13న పడింది. కన్సర్వేటివ్ సభ్యుడే అయిన డామినిక్ గ్రీవ్ తెచ్చిన సవరణ 309–305తో నెగ్గి, ఒప్పందానికి సభ ఆమోదం చట్టబద్ధంగా తప్పనిసరి అయింది. ఆ నాలుగు ఓట్ల తేడా లేకపోతే ఆ తర్వాతి చరిత్ర వేరు. 2018 డిసెంబరు 4న ఒప్పందం మీద తనకు అందిన న్యాయ సలహా పూర్తి పాఠం బయటపెట్టలేదని ప్రభుత్వం సభాధిక్కారానికి పాల్పడినట్టు 311–293తో తీర్మానించారు. ఒక ప్రభుత్వం మీద కామన్స్ సభ అటువంటి తీర్మానం చేయడం అదే మొదటిసారి.

స్పీకరు జాన్ బెర్కో పాత్ర ఇంకొకటి. 2019 మార్చి 18న ఆయన లేచి, ఒకసారి సభ తేల్చిన ప్రశ్నను అదే సమావేశాల్లో మార్పు లేకుండా మళ్లీ తేకూడదనే ఆనవాయితీ 1604 ఏప్రిల్ 2 నాటిదని గుర్తుచేసి, మూడో ఓటుకు అడ్డు చెప్పారు. ప్రభుత్వం చివరికి ఒప్పందాన్ని దానితోపాటు ఉన్న, భవిష్యత్తు సంబంధాల మీది రాజకీయ ప్రకటన నుంచి విడదీసి, వేరే ప్రశ్న అన్నట్టుగా మార్చి 29న పెట్టవలసి వచ్చింది. ఒప్పందం నెగ్గితే పదవి వదులుకుంటానని మే రెండు రోజుల ముందే తన పార్టీవారికి చెప్పారు. అప్పటికీ 344–286తో ఓడింది. లేఖ ప్రకారం బ్రిటన్ సమాఖ్యను వీడవలసిన రోజు అదే.

నా అభిప్రాయం నేను దాచను. సభా నిబంధనలు బలహీనులకు ఉన్న ఏకైక ఆయుధం. మెజారిటీ ఉన్నవారికి నిబంధనల అవసరం పెద్దగా రాదు.

ఓరుగల్లు యువకుడు

ప్లీడరు గారూ, నాలుగు వందల ఏళ్ల నాటి ఆనవాయితీ ప్రభుత్వానికి వర్తించినప్పుడు, జనవరి 9న గ్రీవ్ గారి మరో సవరణను అనుమతించడానికి సభా గుమాస్తాల సలహాకు భిన్నంగా ఆనవాయితీని పక్కన పెట్టింది అదే స్పీకరు కదా? ఒక చేత్తో పాత నియమం, ఇంకో చేత్తో కొత్త నియమం పట్టుకున్నవారిని తటస్థులని ఎలా అంటాం? రాధక్క మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. నేను 1.74 కోట్లను ఒకే గొంతుగా లెక్కపెట్టాను.

తెనాలి ప్లీడరు

మీ అభ్యంతరంలో బలం ఉంది. జనవరి 9 నాటి నిర్ణయాన్ని సమర్థించేవారు కూడా అది సాహసమనే ఒప్పుకుంటారు. నేను దానిని సమర్థించడానికి ఒకటే కారణం: ఆయన సవరణను అనుమతించారు, నెగ్గించలేదు. 308–297తో నెగ్గించింది సభ.

లీడ్స్ రామం

రాధ గారి పెన్సిలు, పంతులు గారి శీర్షికలోని ప్రశ్న, రెండూ కలిసే చోటు 2019 మార్చి 27. సభా కార్యక్రమ పట్టికను సాధారణంగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. మార్చి 25న ఆలివర్ లెట్విన్ సవరణ 329–302తో నెగ్గి, ఒక రోజు పట్టిక సభ్యుల చేతికి వచ్చింది. ఆ బుధవారం ఎనిమిది ప్రతిపాదనలు ముందు పెట్టి, నడవాల్లో నడవకుండా కాగితాల మీద ఒక్కోదానికి విడివిడిగా ఔను, కాదు అని గుర్తు పెట్టమన్నారు. ఎనిమిదీ ఓడాయి. ఏప్రిల్ 1న నాలుగింటిని మళ్లీ పెట్టారు. ఐరోపాతో సుంకాల సమాఖ్య కొనసాగాలన్న కెన్ క్లార్క్ ప్రతిపాదన 273–276తో, అంటే మూడు ఓట్లతో ఓడింది. ఏ ఒప్పందాన్నైనా మళ్లీ జనం ముందు పెట్టాలన్నది 280–292తో ఓడింది. ఉమ్మడి విపణిలో ఉండాలన్న ప్రతిపాదన తెచ్చిన నిక్ బోల్స్ తన పార్టీ రాజీకి ఒప్పుకోవడం లేదని సభలోనే చెప్పి, పార్టీకి రాజీనామా చేసి, గొంతు పూడుకుపోగా బయటికి నడిచారు. నేను టీవీ ముందు నిలబడి చూశాను, కూర్చోబుద్ధి కాలేదు.

ప్రతి వర్గానికీ తనకు ఎక్కువ నచ్చినది ఒకటి ఉంది, రెండో ఇష్టాన్ని గెలిపిస్తే మొదటిది శాశ్వతంగా పోతుందన్న భయం ఉంది. మలి ప్రజాభిప్రాయ సేకరణ కోరేవారిలో కొందరు సుంకాల సమాఖ్యకు చేయి కలపలేదు. పూర్తిగా తెంచుకోవాలన్నవారు ఇంకొంత ఆగితే తమకే మేలని లెక్క వేశారు. అందరూ ఆగగలమనుకున్నారు కాబట్టి ఎవరూ కదలలేదు.

దేనినైనా ఆపడానికి మాత్రం ఎప్పుడూ మెజారిటీ దొరికేది. ఏప్రిల్ 3న, ఒప్పందం లేకుండా బయటపడకుండా గడువు పొడిగింపు కోరమనే కూపర్, లెట్విన్‌ల బిల్లు కామన్స్‌లో ఒక్కరోజులో అన్ని దశలూ దాటి చివరికి 313–312తో నెగ్గింది. ఒక్క ఓటు. అదే రోజు మరో సవరణ మీద 310–310 వచ్చి, స్పీకరు ఆనవాయితీ ప్రకారం వ్యతిరేకంగా తన ఓటు వేశారు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో పడిన రోజు గుర్తున్నవారికి ఆ సాయంత్రం ఎలా గడిచిందో వేరే చెప్పనక్కరలేదు.

నల్లగొండ వాసి

ఇన్ని అంకెలు చదువుతుంటే నాకు 2014 ఫిబ్రవరి గుర్తుకొచ్చింది. ఆ నెల 13న లోక్‌సభలో మిరియాల ద్రావణం చల్లడం, 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయి, ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందడం మనం మరిచిపోలేదు. నేను తెలంగాణ కోసం ఊరేగింపుల్లో నడిచినవాడిని, ఆ బిల్లు నెగ్గిన రాత్రి మా వీధిలో మిఠాయిలు పంచినవాడిని. అయినా ఒక మాట చెబుతాను. మా రాష్ట్రం ఏర్పడిన ఓటులో ఎవరు ఎటువైపు నిలిచారో పేరు పేరునా రాసిన పుట ఒకటి ఉంటే నేను దానిని పటం కట్టించి ఇంట్లో పెట్టుకునేవాడిని. బ్రిటన్‌లో 313 మంది పేర్లూ, 312 మంది పేర్లూ ఎవరైనా తీసి చూడవచ్చు.

నిర్వాహకులు

వాసి గారి మాట ఓటింగు నమోదు గురించి కాబట్టి ఉంచుతున్నాం. రాష్ట్ర విభజన మంచిచెడుల మీద వచ్చిన నాలుగు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాం.

తెనాలి ప్లీడరు

శరత్కాలం సంగతి కూడా చెప్పకపోతే పాఠం సగంలో ఆగిపోతుంది. జూలై 24న బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. చావో రేవో, పొడిగించిన గడువైన అక్టోబరు 31కి బయటపడతామన్నారు. ఆగస్టు 28న సభను ఐదు వారాల పాటు ప్రొరోగ్ చేయమని, అంటే సమావేశాలు ముగించి మూసి ఉంచమని రాణికి సలహా ఇచ్చారు. ఆ మూసివేత మొదలయ్యేలోపు, సెప్టెంబరు 3న సభ తెరిచారు. జాన్సన్ మాట్లాడుతుండగానే ఆయన పార్టీ సభ్యుడు ఫిలిప్ లీ లేచి, సభ మధ్యలో నుంచి నడిచి, ఎదురు బెంచీల్లో లిబరల్ డెమొక్రాట్ల పక్కన కూర్చున్నారు. డీయూపీతో కలిపి మిగిలిన ఒక్క ఓటు మెజారిటీ ఆ పదడుగుల నడకలో పోయింది. ఆ రాత్రి పట్టికను మళ్లీ తమ చేతికి తీసుకోవడానికి 328–301తో ఓటేసిన కన్సర్వేటివ్‌లలో 21 మందిని పార్టీ బయటికి పంపింది. వారిలో అప్పటి సభలో అందరికన్నా ఎక్కువకాలంగా ఉన్న కెన్ క్లార్క్, నిన్నమొన్నటి ఆర్థికమంత్రి ఫిలిప్ హమండ్, చర్చిల్ మనుమడు నికొలస్ సోమ్స్ ఉన్నారు. పంతులు గారూ, మీ విద్యార్థిని ప్రశ్నకు ఇదే పూర్తి జవాబు. మరునాడు కూడా ఆ 21 మందీ అవే నియోజకవర్గాల పేరిట ఓటు వేయగల సభ్యులుగానే ఉన్నారు.

సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో పదకొండుమంది న్యాయమూర్తులు ఏకాభిప్రాయంతో, సరైన కారణం చూపకుండా పార్లమెంటును తన పని చేయకుండా ఆపడం చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చారు. ఆ కోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్ చదివిన ఆ తీర్పులో నాకు ఇష్టమైన పోలిక ఒకటుంది: సభను ముగించడానికి వచ్చిన రాజప్రతినిధులు ఖాళీ కాగితం చేతబట్టుకుని వచ్చినట్టే లెక్క. సభ ముగియనే లేదు కాబట్టి తిరిగి సమావేశపరచవలసిన అవసరం కూడా లేదు. మరునాడు సభ్యులు వచ్చి కూర్చున్నారు. నలభై ఏళ్లుగా తీర్పులు చదువుతున్నాను, ఒక న్యాయస్థానం ఇంత తక్కువ మాటల్లో ఇంత పెద్ద పని చేయడం అరుదుగా చూశాను.

ఓరుగల్లు యువకుడు

అక్టోబరు 19న, 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం తర్వాత మొదటిసారి శనివారం సభ పెట్టి కూడా, జాన్సన్ తెచ్చిన కొత్త ఒప్పందం మీద నిర్ణయాన్ని 322–306తో వాయిదా వేశారు. అక్టోబరు 22న ఆ ఒప్పందం బిల్లుకు రెండో పఠనంలో 329–299తో ఔనన్నారు, పావుగంట తర్వాత, ఆ బిల్లును మూడు రోజుల్లో ముగించాలన్న కాలక్రమ తీర్మానాన్ని 322–308తో కాదన్నారు. నేను మొదట రాసిన కోపం ఇక్కడ మిగిలే ఉంది. డిసెంబరు 12 ఎన్నికల్లో జనం కన్సర్వేటివ్‌లకు 365 సీట్లు ఇచ్చి, 2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు దేశాన్ని బయటపడేశారు. సభ మూడేళ్లలో చేయలేనిది ఓటర్లు ఒక్కరోజులో చేశారు.

బెల్‌ఫాస్ట్ భారతి

బయటపడేశారు బాబూ, కాని మమ్మల్ని దేనిలో పడేశారో కూడా చూడాలి. జాన్సన్ ఒప్పందంలో భూమి మీద సరిహద్దు తప్పింది, దాని బదులు సముద్రం మీదికి వచ్చింది. లివర్‌పూల్ నుంచి, స్కాట్లండ్ నుంచి లార్న్ రేవుకు, బెల్‌ఫాస్ట్ రేవుకు వచ్చే సరుకుకు తనిఖీలు, కాగితాలు మొదలయ్యాయి. మే ఒప్పందాన్ని ఓడించి డీయూపీ సాధించుకున్నది మే ఇచ్చినదానికన్నా తమకు చేదైన ఏర్పాటు. ఆ అలకతో 2022 ఫిబ్రవరిలో మా ప్రాంతీయ ప్రభుత్వం నుంచి వారు తప్పుకున్నారు. 2023లో విండ్సర్ ఏర్పాటు వచ్చి తనిఖీలు కొంత తగ్గినా, 2024 ఫిబ్రవరి దాకా మా ప్రాంతీయ శాసనసభ ఉన్న స్టోర్‌మంట్‌లో పూర్తి ప్రభుత్వం నిలబడలేదు. ఆ రెండేళ్లలో నర్సుల జీతాల పెంపు మీద సంతకం పెట్టే మంత్రి లేక మేము చలిలో ఆసుపత్రి గేటు ముందు నిలబడ్డాం. ఒక ఓటు, మూడు ఓట్లు అని మీరు రాస్తున్న తేడాలు నాకు ఆ గేటు దగ్గరే అర్థమయ్యాయి.

రాజనీతి పంతులు

అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న తరగతిలో ఒక ప్రయోగం చేశాను. కళాశాల వార్షిక విహారయాత్ర మానేయాలా, వెళ్లాలా అని ముందు చేతులెత్తించాను. వెళ్లాలన్నవారు బాగా ఎక్కువ. తర్వాత నాలుగు చీటీలు పంచి, ఒక్కో చోటికీ విడివిడిగా ఔను, కాదు రాయమన్నాను: శ్రీశైలం, అరకు, హంపి, సూర్యలంక. నాలుగూ ఓడిపోయాయి. సూర్యలంక రెండు ఓట్లతో పోయింది. గదిలో ఒక్కసారిగా గోల లేచింది, ఒకరినొకరు నిందించుకున్నారు, ఇద్దరు నా లెక్కింపునే అనుమానించారు. అప్పుడు రాధ గారి పెన్సిలు సంగతీ, భారతి గారి గేటు సంగతీ చెప్పాను.

గంట కొట్టాక ముందు వరుస అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, “విడివిడిగా ఔనో కాదో అడగకుండా, నాలుగింటినీ ఇష్టం కొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుస పెట్టమంటే ఏదో ఒకటి మిగిలేది కదా మాష్టారూ? అక్కడ ఎవరూ అలా అడగలేదా?” అంది. రామం గారూ, నాకు జవాబు చెప్పండి.

లీడ్స్ రామం

అడిగారు పంతులు గారూ. ఇష్టక్రమంలో వరుస పెట్టి ఓటేద్దామనే సూచన ఆ మార్చిలోనే వచ్చింది, కెన్ క్లార్క్ వంటివారు దాన్ని సమర్థించారు. సభ ఆ దారి పట్టలేదు. వరుస పెడితే నాలుగో అంకె దేనికో ఒకదానికి ఇవ్వాలి, మొదటి అంకె పోయినా మిగిలినదాన్ని మోయాలి. ఆ బరువు ఎత్తుకోవడానికి ఏప్రిల్ 1 నాటికి ఏ పార్టీ నాయకుడూ సిద్ధంగా లేడు. మీ తరగతిలో ఒకసారి చేయించి చూడండి. ఏ ఊరు మిగిలిందో ఇక్కడ రాయండి.

రాజనీతి పంతులు

గురువారం మూడో పీరియడ్‌లో చేయిస్తున్నాను. చీటీలు కోసి ఉంచాను.